వాల్వ్ ఆపరేషన్ అయిన అమ్మని మళ్ళీ గార్మెంట్స్ పనికి పంపాలా? (బెంగళూరు, ఈఎస్ఐ)

కదిరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన పల్లె. బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది, బొమ్మనహళ్ళిలో ఉంటున్నాం. అమ్మకి 42. హోసూర్ రోడ్డు మీద ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో టైలర్. నాన్నది సెంట్రింగ్ పని, దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. నేను ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్లో చేస్తున్నాను. తమ్ముడు పీయూసీ (ఇంటర్) చదువుతున్నాడు.

అమ్మకి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందట. మోకాళ్ళు, మోచేతులు వాచిపోతే అమ్మమ్మ ఏదో ఆకు కట్టింది, తగ్గింది, అంతటితో అందరూ మర్చిపోయారు. పెద్దయ్యాక మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. తర్వాత రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి గోడకి ఆనుకుని కూర్చునేది. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండెలో మైట్రల్ అనే వాల్వ్ పూర్తిగా పాడైందన్నారు. ఈఎస్ఐ (జీతంలోంచి కట్ అయ్యే కార్మికుల వైద్య బీమా) వాళ్ళు ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి రాసిచ్చారు, అక్కడ మెటల్ వాల్వ్ వేశారు. మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. సర్జన్ గారు దేవుడిలా చూశారు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా బాధ ఆపరేషన్ గురించి కాదు, ఆ తర్వాతి సంగతి.

వార్డులో అమ్మ పక్క బెడ్‌లో నెల్లూరు ఆంటీ ఒకావిడ ఉండేవారు. వాళ్ళాయన బ్యాంకు ఆఫీసర్. ఆమెకీ అదే జబ్బు, అదే ఆపరేషన్, అదే సర్జన్. ఇద్దరూ బాగా కలిసిపోయారు. మొన్న రివ్యూకి వెళ్తే ఓపీలో మళ్ళీ కనిపించారు. మనిషి కళకళలాడుతున్నారు. పొద్దున అపార్ట్‌మెంట్ లోపలే వాకింగ్, సాయంత్రం గుడి. రక్తం చిక్కదనం చూసే ఐఎన్ఆర్ టెస్టుకి ల్యాబ్ అబ్బాయి ఇంటికే వచ్చి తీసుకెళ్తాడట. వేలు గుచ్చి చూసుకునే మెషీన్ కూడా కొన్నామని చెప్పారు. వచ్చే నెల తిరుపతి వెళ్తున్నారు. మా అమ్మ ఆ రోజు పాదాలు వాచి, చెప్పులు చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అసూయతో చెప్పడం లేదు, ఆ ఆంటీ మంచి మనిషి, తన సీటు అమ్మకిచ్చి తను నిలబడ్డారు. కానీ నేను ఇద్దరి ఎకో రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. అంకెలు దాదాపు ఒకటే. ఇంకా చెప్పాలంటే అమ్మదే కొంచెం మేలు.

మరి ఎందుకిలా అంటే నాకు తెలిసినంత చెప్తా. మా గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బోరు నీళ్ళు కిందే వస్తాయి, బిందెలు పైకి మోయాలి. నాన్నా తమ్ముడూ మోస్తారు, కానీ వాళ్ళు లేనప్పుడు అమ్మ ఊరుకోదు. మూడు నెలలు బరువెత్తొద్దన్నా వినలేదు, వింటే వంట ఎట్లా అంటుంది. ఆపరేషన్ సెలవు అయ్యాక పనిలో చేరింది. లైన్‌లో గంటకి ఇన్ని పీసులు అని బోర్డు మీద రాస్తారు. బాత్రూముకి లేస్తే వెనక పీసులు గుట్టగా పేరుకుంటాయి, సూపర్‌వైజర్ అందరి ముందూ అరుస్తాడు. అందుకని అమ్మ పని ఉన్న రోజుల్లో లాసిక్స్, అదే ఒంట్లో నీరు పోవడానికిచ్చిన మాత్ర, వేసుకోదు. వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఊరికే లేవాలి కదా. నీళ్ళు కూడా తాగదు. ఆదివారం ఒక్కరోజే వేసుకుంటుంది. శనివారానికి కాళ్ళు నొక్కితే గుంట పడుతుంది, అట్లాగే ఉండిపోతుంది.

ఐఎన్ఆర్ టెస్టుకి వెళ్తే సగం రోజు జీతం కట్. బస్సులో లైన్‌లోని మిగతా ఆడవాళ్ళకి ఫ్రీ టికెట్, అమ్మ ఆధార్ కదిరి అడ్రస్‌తో ఉంది కాబట్టి డబ్బులు పెట్టి వెళ్ళాలి. ఇవన్నీ చిన్న చిన్న లెక్కలే, కానీ అవే కూడి టెస్టు వాయిదా పడుతోంది.

పని మానిపించాలా? మానిపిస్తే ఈఎస్ఐ పోతుందా? ఆంటీది ఫారిన్ వాల్వ్, అమ్మ వాల్వ్ కార్డు మీద చిత్ర అని ఉంది, మన దేశంలో చేసిందట. దాని వల్ల తేడానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హెచ్ఎస్ఆర్ నివాసి:

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నాకు బైపాస్ అయి ఆరేళ్ళు దాటింది. అనుభవంతో చెప్తున్నా, గుండెకి మొదటి శత్రువు టెన్షన్. పని మానిపించి ఊరికి పంపండి. పల్లె గాలి, ఇంటి తిండి, ఉదయం నడక, ప్రాణాయామం. డబ్బు ఈరోజు కాకపోతే రేపు సంపాదించుకోవచ్చు.

కదిరి అమ్మాయి:

థాంక్స్ సార్. మంచికే చెప్పారని తెలుసు. కానీ మా పల్లెలో ఐఎన్ఆర్ చూసే ల్యాబ్ లేదు, కదిరికి రావాలి, ఆటోలూ బస్సులూ. ఊళ్ళో ఉన్నది మా చిన్నాన్న ఇల్లు, మాకు సొంతంగా గది లేదు. అమ్మ జీతం చేతికి పన్నెండు వేల చిల్లర వస్తుంది, తమ్ముడి ఫీజు అందులోంచే. ఊరికెళ్తే టెన్షన్ తగ్గదు సార్, ఇంకా పెరుగుతుంది.

పాత టైలర్:

అమ్మాయీ, నేను బొమ్మనహళ్ళిలో పద్దెనిమిదేళ్ళు మిషన్ తొక్కినదాన్ని. మాది మదనపల్లె. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బులు తీసుకోవడం మీద ఆంక్షలు పెడితే జరిగిన గొడవప్పుడు హోసూర్ రోడ్డు మీద కూర్చున్న వేలమందిలో నేనూ ఉన్నా. కాబట్టి నా మాట విను.

ముందు ఒకటి. ఎవరు చెప్పినా సరే, మీ అమ్మ చేత రాజీనామా రాయించొద్దు. పీఎఫ్ డబ్బులొస్తాయి, గ్రాట్యుటీ వస్తుంది అని సగం మంది ఆడవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. సంతకం పెట్టాక ఈఎస్ఐ కట్టేవాడుండడు, కొంతకాలానికి వైద్యమూ ఆగిపోతుంది. ఇంత పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి ఆ కార్డే ఆస్తి.

రెండోది, పని మానడానికీ సెలవు పెట్టడానికీ తేడా ఉంది. సిక్నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం ఇస్తారు. అది మీరు ఆపరేషన్‌కి వాడే ఉంటారు. అక్కడితో అయిపోయిందని ఫ్యాక్టరీలో చెప్తారు, అయిపోలేదు. పెద్ద జబ్బులకి ఎక్స్‌టెండెడ్ సిక్నెస్ బెనిఫిట్ అని వేరే ఉంది. 34 జబ్బుల లిస్టు. గుండె ఫెయిల్యూర్ ఉంది, వాల్వ్ జబ్బు కాంప్లికేషన్‌తో ఉంటే ఉంది, ఆపరేషన్ తర్వాత కాంప్లికేషన్ వచ్చినా ఉంది. జీతంలో 80 శాతం, రెండేళ్ళ వరకు పొడిగించే వీలుంది. షరతేంటంటే జబ్బుకి ముందు రెండేళ్ళు వరసగా ఉద్యోగంలో ఉండాలి, ఆ నాలుగు అర్ధసంవత్సరాల్లో 156 రోజులకి కంట్రిబ్యూషన్ పడి ఉండాలి. మీ అమ్మ పాత మనిషి కాబట్టి సరిపోవచ్చు. కాళ్ళ వాపు, ఆయాసం ఉన్నట్టు డాక్టర్ కాగితం మీద రాస్తేనే ఇది కదులుతుంది. నోటితో చెప్పి వచ్చేస్తే ఎవరికీ పట్టదు. ఈసారి వెళ్ళినప్పుడు "వాపు ఉంది, రాయండి డాక్టర్" అని నువ్వే అడుగు.

రాసిచ్చిన సర్టిఫికెట్‌తో ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకి వెళ్ళాలి. డిస్పెన్సరీ వేరు, బ్రాంచ్ ఆఫీసు వేరు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. మందులూ రెఫరల్ డిస్పెన్సరీలో, డబ్బులు బ్రాంచ్ ఆఫీసులో. డిశ్చార్జ్ సమ్మరీ, ఎకో, బ్యాంకు పాసుబుక్కు జెరాక్సులు రెండేసి సెట్లు పెట్టుకో. ఆ బెనిఫిట్ తీసుకుంటున్నప్పుడు ఉద్యోగానికి ఎంతకాలం రక్షణ ఉంటుందో కూడా బ్రాంచ్ ఆఫీసులోనే అడుగు.

ఒకవేళ పనికే వెళ్తానంటే, ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు దాని మీదే "బరువు పని వద్దు, తరచుగా బాత్రూముకి వెళ్ళనివ్వాలి" అని రాయించు. బాత్రూము అనేది సూపర్‌వైజర్ దయ కాదమ్మా. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు, పనిలో ఉన్నంతసేపూ ఎప్పుడంటే అప్పుడు అందుబాటులో ఉండాలని. పెద్ద ఫ్యాక్టరీలో కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి. సూపర్‌వైజర్‌తో వాదన పెట్టుకోకుండా నేరుగా ఆ మనిషికి కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. మా లైన్‌లో గర్భిణీ అమ్మాయికి ఇట్లాగే చేశాం. ఆ సంతకం ఉన్న కాగితం జేబులో పెట్టుకుని తిరిగేది, అరుపులు ఆగాయి.

బస్సు సంగతి: శక్తి పథకం కర్ణాటక అడ్రస్ ఉన్నవాళ్ళకే. రెంట్ అగ్రిమెంట్ ఉంటే ఆధార్ అడ్రస్ మార్చుకోవచ్చు, ఓనరు ఇవ్వనంటాడు, అది నాకూ తెలుసు. కానీ మార్చేముందు ఆంధ్రాలో మీ రేషన్ కార్డు మీద ఏమేమి వస్తున్నాయో చూసుకో. బస్సు టికెట్ కోసం ఉన్నది పోగొట్టుకోవద్దు.

ఎండీ స్టూడెంట్:

వాల్వ్ గురించి అడిగారు కదా. చిత్ర వాల్వ్‌ని తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ రూపొందించింది. డాక్టర్ వలియత్తాన్ గారి బృందం ఏళ్ళ తరబడి కష్టపడి, కొన్ని డిజైన్లు ఫెయిలయ్యాక, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. బయటి దేశాల వాల్వ్ ధర మనవాళ్ళకి అందదనే దాన్ని మొదలుపెట్టారు. ఇప్పటికి లక్షమందికి పైగా వేశారు. అమ్మగారి ఎకో బాగుందని మీరే అన్నారు, అంటే వాల్వ్ తన పని తాను చేస్తోంది. వాపుకి కారణం వేసుకోని లాసిక్స్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ వాల్వ్ మీద అనుమానం పెట్టుకోకండి.

మీరు రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూశానన్న మాట నన్ను వదలడం లేదు. ఇదే బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు ముందుండి నడిపిన క్రియేట్ రిజిస్ట్రీ అనే అధ్యయనం ఒకటుంది, 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 50 నగరాల్లో 89 ఆస్పత్రులకి గుండెపోటు లాంటి సమస్యతో వచ్చిన 20,468 మందిని గమనించారు. అది వాల్వ్ జబ్బు కాదు, రక్తనాళాల జబ్బు, అయినా మీ ప్రశ్నకి దగ్గరగానే ఉంటుంది. నెలరోజుల్లో చనిపోయినవాళ్ళు డబ్బున్నవాళ్ళలో 5.5 శాతం, పేదవాళ్ళలో 8.2 శాతం. ఇద్దరికీ అందిన వైద్యంలో ఉన్న తేడాని లెక్కలోకి తీసుకుంటే ఆ చావుల తేడా కనపడకుండా పోయింది. అంటే పేదవాడి గుండె వేరేగా ఏమీ లేదు, అతనికి అందిన మందులూ చికిత్సా తక్కువ. హెచ్ఎస్ఆర్ సార్ చెప్పిన నడక, ప్రాణాయామం మంచివే, కాదనను. కానీ అమ్మగారి సమస్య మనసులో లేదు, లైన్‌లో ఉంది.

ఇంకో మాట, ఇది తమ్ముడి కోసం. కీళ్ళ జ్వరం గొంతు ఇన్ఫెక్షన్‌తో మొదలవుతుంది, ఇరుకు గదుల్లో ఒకరినుంచి ఒకరికి అంటుతుంది. ఆ గొంతునొప్పికి సరైన సమయంలో పెన్సిలిన్ పడితే గుండెదాకా రాదు. ఇళ్ళు విశాలమై, పిల్లలకి డాక్టర్ అందుబాటులోకి వచ్చిన దేశాల్లో ఈ జబ్బు దాదాపు కనుమరుగైంది. మా వార్డులో వాల్వ్ కోసం వచ్చే ఆడవాళ్ళని అడిగితే అందరూ మీ అమ్మమ్మ కథే చెప్తారు. ఇంట్లో ఎవరికైనా గొంతునొప్పి, జ్వరం కలిపి వస్తే అల్లం టీతో సరిపెట్టకుండా చూపించండి. అమ్మగారికి పెన్సిలిన్ ఇంజెక్షన్ కొనసాగించమన్నారా లేదా, అదీ డిశ్చార్జ్ కాగితంలో చూడండి. కొత్త వాల్వ్ వేశారని చాలామంది మానేస్తారు, అడగకుండా మానకూడదు.

వార్డు సిస్టర్:

నేను ఇక్కడే ఒక గుండె ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, మాది చిత్తూరు. నీలాంటి పిల్లలు రోజూ కనిపిస్తారమ్మా.

లాసిక్స్ విషయం ముందు. పొద్దున్నే వేసుకోవాలని రాస్తాం, ఎందుకంటే రాత్రి నిద్ర చెడకూడదని. కానీ మందు పని చేసేది ఆరు గంటలు అటూ ఇటూ. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి ఇంటికి రాగానే, ఐదింటికి వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. పడుకునే వేళకి పని అయిపోతుంది. మేం రాసేటప్పుడు మీ అమ్మ ఎక్కడ పని చేస్తుంది, అక్కడ బాత్రూముకి పోనిస్తారా అని అడగం. అడగాలి. ఇన్నేళ్ళలో నేను చూసిన ఎంతోమంది వాపుతో మళ్ళీ అడ్మిట్ అయింది ఇందుకే. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ ఇంతే, ఆ ఇంట్లో బాత్రూము వాడనివ్వరు, మాత్ర మానేస్తారు. డాక్టర్ అడిగితే "వేసుకుంటున్నా సార్" అంటారు. అప్పుడు డోసు పెంచుతారు. మీ అమ్మ చేత ఆ అబద్ధం చెప్పించకండి, మీరు పక్కనుండి నిజం చెప్పండి.

ఇంట్లో బరువు చూసే మెషీన్ కొనలేకపోతే మెడికల్ షాపులో ఉన్నదే వాడండి. రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే అది నీరే, రివ్యూ డేటు దాకా ఆగొద్దు. క్యారేజీలో ఊరగాయ, అప్పడం పెట్టకండి. అన్నంలోకి ఏముంటుంది అంటారు, తెలుసు. నిమ్మకాయ, మిరియాల పొడి, ఉప్పు తక్కువ పెసరపప్పు. కొన్నాళ్ళకి నాలుక అలవాటు పడుతుంది.

అసిట్రోం మాత్ర, అంటే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది, రోజూ ఒకే టైముకి, సాయంత్రం. మైట్రల్ మెటల్ వాల్వ్‌కి ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరలు మానేయమని ఎవరో చెప్పే ఉంటారు. మానొద్దు. వారం వారం ఒకే లెక్కన తినాలి, ఈ వారం గోంగూర రోజూ, వచ్చే వారం అసలు లేదు అంటే రిపోర్టు పైకీ కిందకీ పోతుంది. ఒకరోజు మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేయొద్దు. ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ రూములో ఒళ్ళునొప్పులకని గోలీ ఇస్తారు చూడండి, అది డైక్లోఫెనాక్ లాంటిదైతే రక్తం కారే ప్రమాదం. పారాసెటమాల్ తప్ప వేరేది అడక్కుండా మింగొద్దని గట్టిగా చెప్పండి. వాల్వ్ కార్డు ఎప్పుడూ బ్లౌజు పర్సులో ఉండాలి. పన్ను పీకించాలన్నా ముందు ఆ కార్డు చూపించాలి.

మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి పడిపోవడం, లేకపోతే ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువై వాల్వ్ టిక్ శబ్దం మందగించడం, వీటిలో ఏదైనా కనిపిస్తే 108. డిస్పెన్సరీ తెరిచేదాకా కూర్చోవద్దు.

కదిరి అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దండం. పాత టైలర్ అక్కా, డిశ్చార్జ్ సమ్మరీలో వాల్వ్ పక్కన గుండె ఫెయిల్యూర్ అని కూడా రాసి ఉంది, ఇప్పుడే తీసి చూశా. ఇన్నాళ్ళూ ఆ కాగితం అమ్మ చీరల కింద ఉంది. వాపు రాయించుకుని బ్రాంచ్ ఆఫీసుకి వెళ్తాం. వచ్చేలోగా కింద గది ఏదైనా దొరుకుతుందేమో నాన్న వెతుకుతున్నాడు. అడ్వాన్స్ ఎక్కువ అడుగుతున్నారు, చూడాలి. టిక్ శబ్దం సంగతి మాకు తెలుసు సిస్టర్. ఒకే గది కదా, రాత్రి ఫ్యాన్ ఆగితే అందరికీ వినిపిస్తుంది, తమ్ముడు అది వింటూ చదువుకుంటాడు.

సిస్టర్, ఇంకొకటి. ఇక్కడ అడగొచ్చో లేదో. ఆ అసిట్రోం మాత్ర మొదలైన దగ్గర్నుంచి అమ్మకి నెలసరి చాలా ఎక్కువ అవుతోంది, వారం దాటినా ఆగదు. లైన్‌లో లేవనివ్వరు కాబట్టి రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుంటుంది. నాకు కూడా మొన్నే చెప్పింది. మగ డాక్టర్ ముందు నోరు తెరవదు. మాత్ర తగ్గించుకోవచ్చా?

వార్డు సిస్టర్:

అడగాల్సిన ప్రశ్నే అడిగావు తల్లీ. మాత్ర మీకు మీరుగా తగ్గించొద్దు, ఆపొద్దు. వాల్వ్ మీద గడ్డ కడితే ప్రాణం మీదకి వస్తుంది. కానీ భరించమనీ చెప్పను. రక్తం పలచబడే మందు వాడే ఆడవాళ్ళలో ఇది మామూలుగా వచ్చే సమస్యే, దానికి వైద్యం ఉంది. ఈఎస్ఐలో గైనిక్ డాక్టర్‌కి రాయించుకోండి, వెళ్ళేటప్పుడు వాల్వ్ కార్డూ ఐఎన్ఆర్ పుస్తకమూ రెండూ తీసుకెళ్ళండి, ఎందుకంటే వాళ్ళిచ్చే కొన్ని మందులు ఈమెకి పడవు. గుండె డాక్టర్‌కి నువ్వే చెప్పు, అమ్మ పక్కన కూర్చుంటే చాలు. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఫైల్లో పెట్టు, మేమే చదివి చెప్తాం.

ఇంత రక్తం పోతుంటే ఆయాసం సగం దానివల్లే కావచ్చు, రక్తహీనత గుండెకి భారం. ఐఎన్ఆర్ ఎక్కువై కూడా ఇలా అవుతుంది, కాబట్టి టెస్టు ఇక వాయిదా వేయొద్దు, రేపే వెళ్ళండి. ప్యాడ్లు గంటగంటకీ తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా ల్యాబ్‌కి కాదు, నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. ల్యాబ్‌లో ఐఎన్ఆర్‌తో పాటు హిమోగ్లోబిన్ కూడా రాయించండి. ఒక్కసారి గుచ్చితే చాలు, ట్యూబు మాత్రం రెండు తీస్తారు.